తేజ వద్దని నేను గెలిచిన వాదన

నా జీవితంలో నేను ఓడిపోయిన వాదనలు చాలా ఉన్నాయి. వాటివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. గెలిచిన ఒకే ఒక్క వాదన మాత్రం పన్నెండుమంది మనుషుల్ని నిండా ముంచబోయింది. ఆ ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఏడేళ్లు ఆగితే ఎంత అవమానమైనా మెత్తబడుతుంది.

అప్పట్లో నేను కువైట్‌లో, షర్క్ అనే పేటలో ఒక ఇంజనీరింగు ఆఫీసులో డ్రాయింగులు సరిచూసేవాణ్ణి. ఉండేది ఫర్వానియాలో. కాలేజీ రోజుల నుంచీ హేతువాదిని. దెయ్యాలు, జాతకాలు, తాయెత్తులు, వీటిలో ఏ ఒక్కదాని పేరు వినబడినా, గంట మోగితే తరగతి నుంచి బయటికి దూకే పిల్లాడిలా ఉపన్యాసం నా నోట్లోంచి దూకేది. ఎదుటివాడు వింటున్నాడా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. నేను వింటున్నాను కదా, చాలు.

మా ఫర్వానియా కుర్రాళ్లకు ఒక ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టు ఉండేది. పేరులో ఫుట్ ఉందని మోసపోకండి, ఇందులో కాలితో తన్నేదేమీ లేదు. రెండు కొసలూ మొనదేలిన బంతిని ఒకడు విసురుతాడు. ఇంకొకడు ముందుకు దూసుకుపోయి గాల్లో దాన్ని అందుకుని గీత వైపు పరుగెత్తుతాడు. నడుముకు వేలాడే గుడ్డపీలికను ఎదుటివాడు లాగేస్తే ఎక్కడివాడు అక్కడే ఆగాలి. బంతి అందుకునేవాణ్ణి రిసీవర్ అంటారు. కడప, రాజంపేట వైపు నుంచి వచ్చిన మా డ్రైవర్లూ, ఏసీ మెకానిక్కులూ చిన్నప్పటి నుంచి కబడ్డీ ఆడినవాళ్లు. పీలిక లాగడం, లాగబోతే తప్పించుకోవడం వాళ్లకు ఒకరు నేర్పాలా? బంతి పట్టేవాడే లేడు.

కెప్టెన్ ఓబులేసు. ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. బంతి విసిరితే గ్రౌండు ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది. నేను మేనేజర్ని. ఎందుకంటే జట్టులో ఫారాలు నింపడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

లీగులో ఆరు జట్లు. ముందటేడు మేం ఆరో స్థానం. ఆఖరున వచ్చిన జట్టుకు లీగువాళ్లు ఒక ఓదార్పు ఇస్తారు: కొత్తగా పేర్లిచ్చిన ఆటగాళ్లలో మొదటి మనిషిని ఎంచుకునే హక్కు. దాంతోపాటు ఒక బెదిరింపు: వరసగా రెండేళ్లు ఆఖరున వస్తే జట్టు లీగు నుంచి ఔటు.

ఆ బెదిరింపు నాకు పెద్దగా పట్టలేదు. ఓబులేసుకు మాత్రం అది మెడమీద కత్తి. ఆ ఇంటి యజమాని, ఓబులేసు మాటల్లో ‘బాబా’, లీగు ఆటంటే ముచ్చటపడి శుక్రవారం పొద్దున సెలవిచ్చాడు. “టీమ్ ఖలాస్, జుమా ఖలాస్” అని ముందే చెప్పేశాడు. అంటే జట్టు పోతే, వారంలో ఓబులేసుకు తనదంటూ ఉన్న ఆ ఒక్క పూటా పోతుంది.

ఎంపికకు ముందురోజు సాయంత్రం ఫర్వానియాలో ఓబులేసు గదిలో కూర్చున్నాం. జాబితాలో అందరికంటే పెద్ద పేరు తేజ. ఇక్కడే కాలేజీలో చదువుతున్నాడు, డాక్టరుగారబ్బాయి, కాలేజీల పోటీల్లో మేటి రిసీవర్ అని పేరు.

“సార్, తేజను తీసుకుందాం” అన్నాడు ఓబులేసు.

“ఎందుకు?”

“మా ఊరి స్వామికి ఫోన్ చేసినా సార్. మంచిదే, తీసుకోండి అన్యాడు. ఇంకా ఏందంటే సార్, నేను...”

ఇంకా ఏందో నాకెందుకు? ‘స్వామి’ అన్న మాట చెవిన పడింది. చెయ్యెత్తి ఆపాను.

“ఓబులేసూ! ఎక్కడో రాజంపేట పక్కన కూర్చున్న స్వామికి, కువైట్‌లో బంతి ఎవడు పడతాడో ఎలా తెలుస్తుందయ్యా?”

“అది గాదు సార్, నేను చెప్పేది...”

“సాక్ష్యం ఏది? కొలత ఏది? మనం ఏ కాలంలో ఉన్నాం?”

“కాలం సంగతి కాదు సార్, నేను శుక్రవారాలు...”

“శుక్రవారాలూ లేవు, మంగళవారాలూ లేవు! వారాలన్నీ ఒక్కటే!”

మూడుసార్లు ఏదో చెప్పబోయాడు. మూడుసార్లూ నేను నోరు మూయించాను. పాఠకులు ఈ మూడింటినీ దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఆపైన ముప్పావుగంట మాట్లాడాను. మూఢనమ్మకం వల్ల రాజ్యాలు ఎలా కూలాయో చెప్పాను. చాయ్ చల్లారింది. ఒకతను కూర్చునే కునుకు తీసి లేచాడు. చివరికి నా సంచిలోంచి ఒక పట్టిక తీశాను. ఎత్తు, బరువు, చేతుల బార, అరచేతి వెడల్పు. వారంపాటు కొలత టేపు పట్టుకుని ఆటగాళ్ల వెంటపడి తయారుచేసిన పట్టిక అది. అందులో మొదటి స్థానం శంకర్‌ది. కరీంనగర్ మనిషి, జిమ్‌లో ట్రైనరు, బీరువాకు కాళ్లొచ్చినట్టుంటాడు. అరచెయ్యి ఒక్కోటి ఇస్తరాకంత.

“ఇదీ సైన్సంటే! ఇంత చేతుల్లోంచి బంతి ఎక్కడికి పోతుంది?” అన్నాను.

ఓబులేసు పట్టిక వంకా నా వంకా చూశాడు. “చదువుకున్నోళ్లు, మీ ఇష్టం సార్” అన్నాడు.

నేను గెలిచాను. మర్నాడు కువైట్ సిటీలో ఆరు జట్లవాళ్లూ కూర్చున్న హాల్లో లేచి, గొంతు సవరించుకుని, “శంకర్” అన్నాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. దాన్ని నేను గౌరవం అనుకున్నాను. రెండో ఎంపిక సాల్మియా జట్టుది. వాళ్ల కెప్టెన్ మూర్తిగారు, విజయవాడ ఇంజనీరు, “తేజ!” అని హాలు అదిరేలా అరిచారు. నేనెక్కడ మనసు మార్చుకుంటానో అని ఆయన భయం.

మొదటి ఆట. ఓబులేసు బంతి విసిరాడు. అది ముచ్చటగా గిరగిరా తిరుగుతూ వెళ్లి శంకర్ ఎదురుగా దిగింది. శంకర్ కళ్లు గట్టిగా మూసుకుని మొహం పక్కకి తిప్పాడు. బంతి ఆ విశాలమైన ఛాతీకి తగిలి, గోడకు కొట్టినట్టు తిరిగొచ్చి ఎదుటివాళ్ల చేతిలో పడింది. రెండోసారీ అంతే. మూడోసారి కళ్లతో పాటు చెవులు కూడా మూసుకున్నాడు.

ఆట అయ్యాక పక్కకి పిలిచాను. “ఏమైందయ్యా?”

“చిన్నప్పుడు కార్క్ బాల్ మూతికి తాకిందన్నా. గప్పటిసంది ఏదన్న మొఖం మీదికొస్తే కండ్లు వాటంతటవే మూసుకుంటయ్.”

“మరి రిసీవర్‌గా పేరెందుకిచ్చావు?”

“నేనెక్కడిచ్చిన? అడ్డం నిలబడేటోనిగ ఇచ్చిన. నువ్వే టేపు వట్టుకొచ్చి నా చేతులు కొలుసుకొని పోయినవ్. బట్టలు కుట్టిస్తరేమో అనుకున్న!”

నా పట్టికలో నాలుగు గళ్లున్నాయి. ‘బంతి పట్టగలడా?’ అన్న ఐదో గడి లేదు. ప్రయోగం చేసి చూడమని ఊరందరికీ చెప్పే నేను, ఆ మనిషి చేతికి ఒక్కసారి బంతి ఇచ్చి చూడలేదు.

ఐదు ఆటలు ఆడితే ఐదూ ఓడాం. ఐదో ఆట అయ్యాక ఓబులేసు గీత పక్కన ఒక్కడే కూర్చుని, పీలికలన్నీ ఒక్కొక్కటీ దులిపి మడత పెడుతున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏమన్నా తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

“బాబా అడిగినాడు సార్, ఎన్ని గెలిచినారని. రెండని చెప్పినా” అన్నాడు. ఇంకో పీలిక దులిపి, “ఆరు దినాలు యల్లా, యల్లా అంటే ఉరుకుతా సార్. ఈ ఒక్క పూట నేను యల్లా అంటే పదకొండుమంది ఉరుకుతారు” అన్నాడు.

నాకు ఉపన్యాసం ఏదీ గుర్తుకు రాలేదు. అది ఎంత అరుదైన సంగతో నా స్నేహితులనడగండి.

ఒక్క దారి మిగిలింది. సగం ఆటలు ముగిసిన రోజున, ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే ఒక ఆటగాణ్ణి మార్చుకోవచ్చు. కాగితం ఆ పూటే, జుమ్మా నమాజుకు గ్రౌండు గేటు మూసేలోగా ఇవ్వాలి. ఆ రోజే ఆ రోజు. గేటు మూసేది పదకొండున్నరకు.

అవతల సాల్మియా జట్టు కష్టం ఇంకోరకం. బంతి విసిరేది మూర్తిగారే. ఇంకెవర్నీ విసరనివ్వరు. ఆయన విసిరితే పదిహేను అడుగులు పోతుంది. తేజ పాపం, బస్సు రాని స్టాపులో నిలబడ్డట్టు దూరంగా నిలబడి ఉండేవాడు. వాళ్లకు కావలసింది ఎదుటివాళ్లకు అడ్డంగా నిలబడే మనిషి. శంకర్‌ను చూస్తే మూర్తిగారికి నోరూరేది. నేను వెళ్లి అడగ్గానే ఒప్పేసుకున్నారు. కాగితం అందుకున్నారు. జేబులోంచి పెన్ను తీశారు. వాచీ చూశారు. పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

“అయ్యో రాఘవగారూ, పదీ నలభై! శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలమండీ. పన్నెండు దాటాక కళ్లుమూసుకుని పెడతాను సంతకం.”

“పదకొండున్నరకు గేటు మూస్తారండీ!”

“మీరు నమ్మరని నాకు తెలుసు. కానీ ఇల్లు కొన్నా, కారు కొన్నా ఇప్పటిదాకా రాహుకాలంలో సంతకం పెట్టలేదండీ నేను.”

నా లోపల ఇరవై ఏళ్ల ఉపన్యాసాలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. రాహువు గ్రహమే కాదని చెప్పడానికి నోరు తెరిచాను. మూర్తిగారి వెనకాల ఓబులేసు కనిపించాడు. చేతులు కట్టుకుని నా నోటివైపే చూస్తున్నాడు, ఆ నోరు తన కొంప రెండోసారి ముంచుతుందేమోనని. నోరు మూశాను. మళ్లీ తెరిచాను. ఈసారి దాంట్లోంచి వచ్చిన మాటలు విని నేనే అదిరిపడ్డాను.

“మూర్తిగారూ, మీరు చూసే క్యాలెండరు ఎక్కడిది?”

“విజయవాడ నుంచి మా మామగారు పంపిస్తారండీ, ఏటేటా.”

“అందులో పదిన్నర అంటే ఏ ఊరి పదిన్నర?”

“విజయవాడదే అనుకోండి.”

“ఇప్పుడు విజయవాడలో టైమెంత?”

వేళ్లు మడిచారు. “ఒంటిగంటా పది.”

“మరింకేం? మీరిక్కడ పొద్దున ఇడ్లీ తింటుండగా రాహుకాలం మొదలైంది. తొమ్మిదిన్నరకల్లా వెళ్లిపోయింది. పోయినదాని కోసం మనం ఇక్కడ నిలబడి ఉన్నాం!”

మూర్తిగారి మొహం వెలిగింది. అంతలోనే ఆరింది. “అయితే ఇక్కడి సూర్యోదయాన్ని బట్టి చూడాలేమోనండీ?”

చెప్పొద్దూ, ఆయన అన్నదే సరైనది. తెలిసినవాళ్లు తర్వాత నాకు చెప్పారు, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టే లెక్కకట్టాలట. అంటే నేను నమ్మని శాస్త్రాన్ని కూడా నేను తప్పుగానే వాదించాను. కానీ ఆ క్షణంలో నన్ను ఆపేవాడెవడు?

“మీరు పుట్టిందెక్కడ?”

“గుడివాడ.”

“జాతకం రాయించిందెక్కడ?”

“అక్కడేనండీ.”

“కువైట్ వచ్చాక ఇక్కడ ఉండటానికి ఇఖామా తీసుకున్నారు. జాతకాన్ని కూడా ఇక్కడికి మార్పించారా?”

“లేదండీ!”

“అయితే రాహువు లెక్కలో మీరింకా గుడివాడలోనే ఉన్నారు!”

మూర్తిగారు పెన్ను తీసి సంతకం చేశారు. చేసి, రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టారు. కాగితం పట్టుకుని నేను గేటు వైపు పరుగెత్తిన పరుగు చూసి, “సార్, మీరే ఆడొచ్చు గదా!” అని వెనక నుంచి ఓబులేసు అరిచాడు.

తర్వాతి ఐదు ఆటల్లో మూడు గెలిచాం. ఆఖరి ఆటలో ఓబులేసు విసిరిన బంతిని తేజ ఇద్దరి తలల మీదుగా, దండెం మీద తువ్వాలు తీసుకున్నంత తేలిగ్గా అందుకుని గీత దాటాడు. ఆరు జట్లలో ఐదో స్థానం! కప్పు గెలిచినవాళ్లు కూడా అంత గోల చేయలేదు. ఓబులేసు అక్కడికక్కడే బాబాకు ఫోన్ చేసి, “బాబా, టీమ్ మౌజూద్! జుమా మౌజూద్!” అని అరిచాడు. నేను ఇసుకలో చతికిలబడి, రెండు నెలలుగా బిగబట్టిన ఊపిరి వదిలాను.

ఊపిరి తిరిగాక ఓబులేసును అడిగాను. “ఒకటి చెప్పవయ్యా. మీ స్వామికి తేజ సంగతి ఎలా తెలిసింది?”

“స్వామికేం తెలుసు సార్? నేనే చెప్పినా.”

“నీకెలా తెలుసు?”

“నాలుగు శుక్రవారాలు ఆ కాలేజీ గ్రౌండు కాడికి పోయి కూచున్యా గదా. నలభై బంతులేస్తే ముప్పై ఎనిమిది పట్టినాడు. చీటీలో గీతలు కొట్టుకున్యా. అంతా చూసినాక స్వామికి ఫోన్ చేసి, వీన్ని తీసుకుందామనుకుంటాండా, మంచిదేనా అంటి. మంచిదే నాయనా అన్యాడు.”

“ఆ చీటీ సంగతి నాకెందుకు చెప్పలేదు?”

“మూడుతూర్లు చెప్పబోతి సార్. మీరు సైన్సు గురించి చెప్తాంటిరి.”

ఇదీ నా విజయగాథ. స్వామిని నమ్మినవాడు గ్రౌండుకు వెళ్లి లెక్క రాసుకున్నాడు. సైన్సును నమ్మినవాడు అరచేతులు కొలిచాడు. ఆ తర్వాత ఇంకో శిక్ష పడింది. మూర్తిగారు నా పాండిత్యాన్ని ఊరంతా చాటారు. ఇప్పటికీ సాల్మియా నుంచి, ఫర్వానియా నుంచి నాకు ఫోన్లొస్తుంటాయి: “రాఘవగారూ, స్కూటరు కొంటున్నామండీ, మన టైముకా, కువైట్ టైముకా?”

కాబట్టి ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. దేవుడి మీద ఒట్టేసే అలవాటు లేదు గనక నా కొలత టేపు మీద చెయ్యి వేసి చెబుతున్నాను. ఇకమీదట ఎవరైనా స్వామి పేరెత్తితే, ఉపన్యాసానికి ముందు ఒక్క ప్రశ్న వేస్తాను: “నువ్వు కళ్లారా చూశావా?” చూశానంటే, స్వామిని పక్కన కూర్చోబెట్టి ముందు ఆ మనిషి మాట వింటాను. నా ఊపిరున్నంతవరకూ ఇందులో మార్పు లేదు.

మొన్న శుక్రవారం గ్రౌండు దగ్గర మూర్తిగారికి కూడా ఈ ప్రతిజ్ఞ వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

“చాలా మంచి నిర్ణయమండీ” అన్నారు. “ఇది తీసుకున్నప్పుడు విజయవాడలో టైమెంత?”