మూత తీయని ఫోటో

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. నా కంట్లో బల్లిగా పడింది నోట్లోంచి మొసలిగా బయటికొస్తుంది. మా ఇంటావిడ నేనేం చెప్పినా సగం కోసేసి, మిగిలిన సగం గురించి పక్కింటి వాళ్లని అడిగి తెలుసుకుంటుంది. కాబట్టి ఇందులోనూ పెంచిన చోట్లు బోలెడుంటాయి, వాటిని మీరే తగ్గించుకోండి, మన వయసు వాళ్లకి ఆ విద్య తెలుసు. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. పూర్తిగా కల్పించింది ఇందులో ఒక్కటే ఉంది, అదేదో చివర నేనే చెబుతాను.

మొన్న కరెంటు పోయినప్పుడు మా చెల్లెలి కూతురు తన ఫోనుతో నన్ను ఫోటో తీసింది. గదిలో నా ముక్కు ఎక్కడుందో నా చేతికే దొరకనంత చీకటి. ఫోటోలో చూస్తే పట్టపగలు, పైగా నా తల మీద ఎప్పుడో సెలవు తీసుకున్న వెంట్రుకలు నాలుగు తిరిగొచ్చినట్టున్నాయి. లేని వెలుగు ఎక్కడినుంచి వచ్చిందే అంటే, "అదే లెక్క గట్టి నింపుకుంటది మామా" అంది తేలిగ్గా. అప్పుడు గుర్తొచ్చాడు చీకటన్న. ఆయనే ఉంటే ఆ ఫోనును దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు.

ఎనభైలు ముగిసిపోతున్న రోజుల్లో, భూపాలపల్లి దిక్కున ఒక చిన్న ప్రయోగశాలలో నేను సహాయకుణ్ణి. మా ఊరు జనగామ పక్కన లింగాల ఘనపూర్. అక్కడి మా పని బొగ్గునూ రాళ్లనూ కొలిమిలో కాల్చి, ఆ బూడిదను రెండు కడ్డీల మధ్య మెరుపులో మండించడం. ఆ వెలుగును రంగులుగా విడదీస్తే ఒక్కో లోహం ఒక్కో చోట గీతగా కనిపిస్తుంది. ఆ గీతల్ని గాజుపలక మీద ఫోటోగా పట్టి, చీకటి గదిలో మందునీళ్లలో కడిగితే, బూడిదలో ఏముందో తేలేది. కొన్ని గీతలు ఎంత సన్నమంటే, చీమ మీసాన్ని నిలువునా చీలిస్తే వచ్చేంత.

ఆ పలకలు కడిగే మనిషే చీకటన్న. అసలు పేరు జీతాల చిట్టాలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. మానుకోట పక్క తండా ఆయనది. ఇంట్లో మాట్లాడే భాష వేరు, మాతో మాట్లాడేది వేరు, రెంటిలోనూ పొదుపే. అరవైతొమ్మిది ఉద్యమంలో బళ్లు నెలల తరబడి మూతబడితే, ఊరికే ఉండలేక మానుకోటలోనే ఒక ఫోటో స్టూడియో చీకటి గదిలో చేరాడట. తర్వాత బళ్లు తెరిచారు గానీ ఆయన మాత్రం ఆ గదిలోంచి బయటికి రాలేదు. మనకు చీకటంటే ఒక్కటే, ఆయనకు అందులో పద్దెనిమిది రకాలు. గదిలోకి వచ్చి ఒక్కసారి గాలి పీల్చి, ఉత్తరం మూల తలుపు సందులోంచి వెలుగు దూరుతోందని చెప్పేవాడు, వెళ్లి చూస్తే నిజంగానే దూరుతుండేది.

అలాంటి రోజుల్లో గాజుపలకలు మానేసి కొత్త రకం కెమెరా కొనుక్కోమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పలక అక్కర్లేదు, కడగక్కర్లేదు, గీతలు నేరుగా కంప్యూటరు తెర మీదికే వస్తాయి. అయితే ఆ కెమెరాకు ఒక జబ్బుంది. ఒళ్లు వేడెక్కిందంటే, మూత వేసి ఉన్నా సరే, లేని చుక్కల్ని ఉన్నట్టు చూపిస్తుంది. సన్నగీతలన్నీ ఆ చుక్కల్లో మునిగిపోతాయి. అందుకని దాన్ని ఎప్పుడూ గడ్డకట్టే చలిలో ఉంచాలి. (ఆ జబ్బు నాకు పుట్టుకతోనే ఉందని మా ఇంటావిడ అభిప్రాయం.)

రెండు కెమెరాలు చూపించడానికి ఇద్దరు మనుషులు మంచి చలికాలంలో దిగారు. ఒకటి కరెంటుతో చల్లబడేది. ప్లగ్గు పెడితే చాలు, వెనకాల ఫ్యాను తిరుగుతుంది, దాని బాగోగులు అదే చూసుకుంటుంది. రెండోదాని నెత్తిన కుండ లాంటిదుంది. పొద్దునా సాయంత్రం అందులో ద్రవ నత్రజని పోయాలి, అంటే పోయడానికో మనిషి ఉండాలి. చీకటన్న బతుకంతా ఆ కుండలోనే ఉందని మా అందరికీ తెలుసు. ప్లగ్గు కెమెరా వస్తే చీకటి గదికి తాళం పడుతుంది, ఆయన తండాకు పోతాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, పర్మినెంటు కాని ఉద్యోగం.

ఇక ద్రవ నత్రజని. మా దిక్కున అది దొరికేది ఒకే ఒక్క చోట, పశువుల దవాఖానలో. మేలురకం ఆబోతుల వీర్యాన్ని అందులోనే దాచేవాళ్లు. ములుగు దిక్కు ఘనపూర్‌లో మా మేనమామ పశువుల కాంపౌండరు. ఒక క్యాను ఇమ్మని ముందుగా అడగడానికి వెళితే, ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "ఏందిర అల్లుడా, మీ కెమెరా ఈనుతదా?" అన్నాడు. మొగుళ్లపల్లి నుంచి బర్రెను తోలుకొచ్చిన రైతొకాయన మరీ శ్రద్ధగా, ఆ కెమెరా ఏ జాతిదని అడిగాడు. దూడ పుడితే కబురు చేస్తానని మాటిచ్చి వచ్చాను.

పరీక్షకు మూడు రోజులు గడువు. మొదటి రోజు పొద్దున్నే క్యాను తెమ్మని నన్ను పంపారు. ఇక్కడే కండక్టరు నా కొంప ముంచాడు. జొన్నకంకుల్లాంటి మీసాలున్న ఆ మహానుభావుణ్ణి ఘనపూర్‌కు టికెట్టు కొట్టమంటే, నా ముఖంలో ఏ ఊరి పోలికలు కనిపించాయో ఏమో, నన్ను తీసుకెళ్లి జనగామలో దించి, మా లింగాల ఘనపూర్ బస్సెక్కించాడు. చలిగాలికి కన్నంటుకున్న నేను లేచి చూస్తే మా ఊరి పొలిమేర! మా దిక్కున ఘనపూర్‌లు ఒకటి కాదు గదా, పెళ్లివారే తప్పుడు ఘనపూర్‌లో దిగి వేరేవాళ్ల విందు తిని వచ్చిన సందర్భాలున్నాయి. మొత్తానికి సరైన ఘనపూర్ చేరి, క్యాను నెత్తికెత్తుకుని ప్రయోగశాలకు వచ్చేసరికి రెండో రోజు సాయంత్రమైంది.

అప్పటికే ప్లగ్గు కెమెరాను రెండు రోజులు చూశారు. ఆ చలిలో అది భేషుగ్గా పనిచేసింది. రెండోది కుండ ఎండిపోయి, నోరు తెరుచుకుని కూర్చుంది. మా పెద్దసారు కోస్తా వైపు మనిషి, కోపం తక్కువ, తొందర ఎక్కువ.

"ఒక్క డబ్బా తేవడానికి రెండ్రోజులు పట్టిందంటే, రేపు రోజూ ఎవరు తెస్తారయ్యా? ప్లగ్గుదే రాసేద్దాం" అన్నారు.

మూలన నిలబడ్డ చీకటన్న గొంతు సవరించుకున్నాడు. "సార్, గిది చలికాలం. మనకు ఎండలు గూడ వస్తయి గద. గప్పుడు గీ ఫ్యాను ఏం జేస్తది?"

ఎవరో కిసుక్కుమన్నారు. "అన్న కుండ కోసం కొట్లాడుతలేడు, కడుపు కోసం కొట్లాడుతుండు" అన్నారింకెవరో. గదంతా నవ్వింది. పెద్దసారు నవ్వలేదు గానీ, నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, నీ ఉద్యోగం సంగతి విడిగా ఆలోచిద్దాంలే అన్నారు. ఆ జాలి చీకటన్నకు నవ్వు కన్నా గట్టిగా తగిలిందనుకుంటాను. ఆయన రెండడుగులు ముందుకొచ్చాడు.

"రెండిటికీ మూతలు పెట్టుండ్రి సార్. కొలిమి తలుపు తెరిసి గదిని వైశాఖం జేద్దాం. మూత పెట్టినంక ఏది నల్లగొస్తే గదే కొనుండ్రి. కరెంటుదే నల్లగొస్తే, రేపే నా పెట్టె సదురుకుంట."

సరే, రేపు అదే చేద్దాం అన్నారు పెద్దసారు.

మూడో రోజు పొద్దున కొలిమి తలుపు తెరిచాం. అరగంటలో గోడమీది బల్లులు బయటికి వలసపోయాయి, కిటికీలో పెట్టిన వడియాలు వేగిపోయాయి, పెద్దసారు కళ్లద్దాలు ముక్కు మీదినుంచి జారి జేబులో పడ్డాయి. కుండలో నత్రజని నింపి, రెండు కెమెరాలకూ మూతలు బిగించి, పది నిమిషాలు వట్టి చీకటిని ఫోటో తీయించాం. అందరూ గాలి కోసం వరండాలోకి పోతే, లోపల మిగిలింది నేనూ చీకటన్నా. ఆయన కళ్లు మూసుకుని ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాడు.

తెర మీద మొదట ప్లగ్గు కెమెరా ఫోటో వచ్చింది. అమావాస్య నాడు మేడ మీద పడుకుని చూసే ఆకాశమే, అన్ని చుక్కలు! దాన్ని తెచ్చిన పెద్దమనిషి చెమట తుడుచుకుంటూ, పాపం, నిజాయితీగానే చెప్పాడు, గది వేడెక్కితే దాని చలువ చాలదని. తర్వాత కుండ కెమెరాది వచ్చింది. నలుపు. వట్టి నలుపు. పెద్దసారు తెరకు ముక్కు ఆనించి వెతికారు, ఒక్క చుక్క లేదు. "చీకట్ల ఏం లేదని జెప్పేదే మంచి కెమెరా సార్" అని చీకటన్న బయటికెళ్లి బీడీ వెలిగించుకున్నాడు.

కుండదే కొన్నారు. పొద్దునా సాయంత్రం దాని నెత్తిన తెల్లటి పొగలు కక్కే నత్రజని పోస్తూ, చీకటన్న రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఆ జీతంతోనే ముగ్గురు పిల్లలూ చదువుకున్నారు. చీకటి గదిలో క్యాన్లు పెట్టుకున్నాడు, తాళం పడలేదు.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి గదా. బల్లులు, వడియాలు, కళ్లద్దాలు పెంచినవి. మొగుళ్లపల్లి రైతు నిజం, మా మేనమామ మాట అక్షరాలా నిజం. లేనివాడల్లా కండక్టరు ఒక్కడే. జొన్నకంకుల మీసాలు నేను మొలిపించినవే. ఆ రోజు నేను తెలిసే జనగామ వెళ్లాను, టాకీసులో కొత్త సినిమా పడిందని. పొద్దుటాట చూసి సాయంత్రానికి వచ్చేద్దామనుకుని, రెండో ఆట కూడా చూసి, ఇంటికెళ్లి పడుకున్నాను. రెండు ఘనపూర్‌ల అబద్ధం చెబితే ఒక్కరూ అనుమానించలేదు, ఎందుకంటే మా దిక్కున అది అందరూ చేసే పొరపాటే. ఆ ఆలస్యాన్ని చూపించి ప్లగ్గుదే రాసేద్దామన్నప్పుడు, అందరూ చీకటన్న కడుపు గురించి నవ్వినప్పుడు, నేను నోరు విప్పలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను.

కొలిమి వేడిలో మేమిద్దరమే ఉన్న ఆ పది నిమిషాల్లో, కళ్లు తెరవకుండానే చీకటన్న నన్నడిగాడు.

"సిన్మా ఎట్లున్నదిర తమ్మీ?"

నేను మాట్లాడలేదు. ఆయన మళ్లీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

చీకటన్న పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కెమెరా లేని జేబు లేదు, చల్లదనంతో పనిలేదు, కుండ మోసే మనిషితో అంతకన్నా పనిలేదు. చీకట్లో ఏమీ లేకపోతే లేదని చెప్పే ఓపిక యంత్రాలకీ పోయింది. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ వెలుగు నింపేసి అందంగా చూపించేస్తున్నాయి. నేను వాటిని తప్పుపట్టలేను, ముప్పై ఏళ్లకు పైగా ఆ ఖాళీలో నేనూ ఒక కండక్టరును నింపుకుని తిరిగినవాణ్ణే.

ఏం బాగలేకుండెనే అన్నా, ఆ సినిమా.