నాలుగు మెట్లు లేని పియానో

మధ్యాహ్నం మూడుంబావుకు మా మేనత్త ఏసుప్రభువు గుడిలో పియానో మూత తీసి, పాత చీరముక్కతో మెట్లు తుడిచింది. ఆ రోజుల్లో మాకు తెలిసిన సంగీతమంతా ఆదివారం పాటలే, వాటికి పియానో వాయించేది అత్త ఒక్కతే. ఆ సాయంత్రం ముత్తుకూరు దగ్గరి మా గుడికి ఒక ఫ్రెంచి పియానో విద్వాంసురాలు వస్తున్నారు. రేవులో పనిచేసే తమ్ముణ్ణి చూడడానికి వచ్చిన ఆమెకు పదిరోజులుగా పియానో లేక వేళ్ళు ఊరుకోవడం లేదట. చుట్టుపక్కల ఉన్నది మాదొక్కటే.

నాలుగో ఏట మొదలుపెట్టి, పదకొండో ఏట పారిస్‌లో సంగీత కళాశాలలో చేరి, ముప్పై ఏళ్ళు దేశదేశాల్లో కచేరీలు చేసిన మనిషి. మధ్యలో కుడిచేతి వేళ్ళు బిగుసుకుపోతే, రెండేళ్ళు ఎడమచేతి కోసం రాసిన సంగీతమే వాయించి, మళ్ళీ రెండు చేతులతో వేదిక ఎక్కారు. కొత్తగా ఇంగ్లీషు మాస్టరునైన నన్ను కచేరీకి ముందు ఆమెను సంఘానికి పరిచయం చేయమన్నారు కాబట్టి ఇదంతా బట్టీపట్టాను (అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అప్పజెప్పాను కూడా).

అత్త భయం వేరు. సముద్రపు గాలికి చెక్క ఉబ్బి నాలుగు మెట్లు నొక్కితే కిందే ఉండిపోయేవి. ఏళ్ళ తరబడి ప్రతి పాటనూ వాటిని తప్పించి వాయిస్తూ వచ్చింది. సంఘంలో ఎవరూ కనిపెట్టలేదు. పాస్టరు అయ్యగారు ముందే చెప్పేశారు: "ఇది మరీ పాతదైపోయింది, ఆమె వాయించడానికి పనికిరాకపోతే దీన్ని తీసేసి కీబోర్డు తెచ్చుకుందాం అమ్మా." పియానో పోతే దాని ముందున్న బల్లా పోతుంది. పెళ్ళి చేసుకోని అత్తకు ఊళ్ళో తనదంటూ ఉన్న చోటు అదే.

"మెట్ల సంగతి ముందే చెప్పేస్తా అత్తా," అన్నాను.

"నువ్వేం చెప్పబాక. నోరు మూసుకోనుండు."

నాలుగింటికి ఆమె వచ్చి మెట్లన్నీ వరసగా నొక్కి చూశారు. నాలుగు కింద ఉండిపోయాయి. అత్త తల దించుకుంది. "మరి మీరెలా వాయిస్తున్నారు?" అని ఆమె ఇంగ్లీషులో అడిగారు. నేను తెలుగులో చెప్పాను. అత్త కూర్చుని ఒక పాట వాయించింది. ఆమె నిలబడి చూశారు. మళ్ళీ వాయించమన్నారు. మూడోసారీ అడిగారు.

"ఏమంటాంది అబ్బయా?"

"నేర్పమంటాంది అత్తా. రెండేళ్ళు ఒక చెయ్యి లేకుండా వాయించిందంట, ఇది మాత్రం తెలీదంట."

"ఎగతాళా?"

"కాదు."

అత్త జరిగి బల్లమీద చోటిచ్చింది.

అయిదింటికి నా పరిచయం పావుగంట సాగింది. "పెండ్లికొడుకు తరపోళ్ళు చెప్పినట్టు చెప్తాండాడే," అని ముందు బెంచీలో ఎవరో అన్నారు. తర్వాత ఆమెకు కుడివైపు అత్త, ఎడమవైపు నేను కూర్చున్నాం. ఇరువైపులా రెండేసి మొండి మెట్లు. ఆమె పాటలకు అవీ కావాలి కాబట్టి, ఆమె నొక్కినప్పుడల్లా మేం పైకి లేపాలి. "గాలం లాగినట్టు లాగబాక. గోటితో లేపు," అంది అత్త.

మొదటి పాటకు నా పని నేను చేశాను. రెండోది మొదలయ్యాక ఏం జరిగిందో ఉపమానాలు లేకుండా చెప్తాను. గుడిలో దగ్గేవాళ్ళు దగ్గడం మానేశారు. బయట ఆటోవాడు ఇంజను కట్టేశాడు. రోజూ చూసే ఆ చెక్కపెట్టెలో అంత ఉందని నాకు తెలియదు. ఆమె చేతులు చూస్తూ ఉండిపోయాను. ఆఖరున చూసుకుంటే నా రెండు మెట్లూ కిందే ఉన్నాయి.

క్షమాపణ అడిగాను. "పర్వాలేదు, మీ అత్త దారిన వాటిని తప్పించి వెళ్ళాను," అన్నారామె.

"చూసినాన్లే," అంది అత్త. "ఒక్కచోట తడబడింది. బాగానే పట్టుకునింది."

అయ్యగారు కీబోర్డు మాట మళ్ళీ ఎత్తలేదు. అత్త చివరిదాకా ఆ బల్లమీదే కూర్చుంది. పోయి నాలుగు నెలలైంది. ఫ్రెంచి విద్వాంసురాలితో కలిసి వాయించానని నేను చాలాకాలం చెప్పుకు తిరిగాను. ఆ ఇరవైమూడేళ్ళ మాస్టరు చేసిందల్లా నోరు తెరుచుకుని కూర్చోవడమే. అంతకంటే మంచి పని అతను తర్వాత కూడా పెద్దగా చేయలేదు.

మా గుడిలో ఇప్పుడు పియానో వాయించరు.