ఎముకలక్క బల్ల మీది సీసా

మా ల్యాబులో ఆవిడను అందరూ ఎముకలక్క అనేవాళ్ళం. పేరు విని జడుసుకోకండి, మనిషి వెన్న. పరీక్షకు వచ్చిన ఎముక ముక్కలను గాజు పలకల మీదికి ఎక్కించడం ఆవిడ పని. ఎముకకు గట్టిదనమిచ్చేవి కాల్షియం లవణాలు. సీసాలో ఆమ్లం పోసి నానబెట్టి వాటిని కరిగిస్తే కొలాజెన్ అనే ప్రోటీన్ పోగుల మెత్తటి ముక్క మిగులుతుంది. దాన్ని పల్చటి పొరలుగా కోసి రంగు వేస్తారు. సూది గుచ్చినప్పుడు గరగర తగలకపోతే వెంటనే ఆమ్లంలోంచి తీసేయాలి, లేకపోతే కణాలు చెడతాయి.

"అత్తగారి అలకలాంటిదమ్మా ఇది. ముందే కదిపినా ముప్పే, మరీ వదిలేసినా ముప్పే," అని కొత్తవాళ్ళను నవ్వించేది.

అలాంటి మనిషి బల్ల మీదికి సొంత తమ్ముడి తొడ ఎముక ముక్క వచ్చింది. తల్లి పోయాక ఆవిడే చంకనేసుకుని పెంచిన తమ్ముడు. క్యాన్సరేమోనని డాక్టరుగారి అనుమానం. అదే అయితే వైద్యం ఆలస్యం కాకూడదు. అయినవాళ్ళ ముక్కను వేరేవాళ్ళకు అప్పగించడం మా దగ్గర అలవాటు. ఇది తన తమ్ముడిదని ఈవిడ నోరు విప్పితే కదా!

రోజూ సూది గుచ్చేది. "ఇంకా గట్టిగానే ఉంది," అనేది. నాకు ఒళ్ళు మండి చివరికి నేనే గుచ్చాను. సూది అడ్డూ ఆపూ లేకుండా దిగిపోయింది. కోయాలని నోరు తెరిచి ఆవిడ ముఖం చూశాను. ముక్క తమ్ముడిదని అప్పుడు చెప్పింది. కోస్తే నిజం తెలిసిపోతుందని వణికిపోతోంది, పిచ్చిది. నా కోపం ఎటు పోయిందో!

చివరికి కోసి రంగు వేశాక మైక్రోస్కోపులో సన్నటి రక్తనాళాల దారులు, వాటి చుట్టూ వలయాలుగా ఎముక పొరలు కనిపించాయి. ఆమ్లంలో మరీ ఎక్కువ నానడంతో, చూడాల్సిన కణాలు మాత్రం నీలిరంగు పట్టలేదు. పలకంతా ఒట్టి గులాబీ రంగు.

"దీన్ని చూసి ఏమీ చెప్పలేను. మళ్ళీ ముక్క తీయాల్సిందే," అన్నారు డాక్టరుగారు.

వార్డుకు ఆవిడతో నేనూ వెళ్ళాను. మొదటిసారి తీసినప్పుడే ఆ పిల్లవాడు నొప్పికి విలవిల్లాడిపోయాడు.

"ముక్క పాడైందిరా. మళ్ళీ తీయాలట," అంది.

అతను కాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవడు పాడుచేశాడో ఏమో. ఈసారి ఎవరి చేతికీ ఇవ్వకక్కా. నువ్వే చెయ్యి."

ఆవిడ మంచం మీద తల వాల్చి భోరుమంది.

"ఏడవకక్కా," అని తల నిమిరాడు తమ్ముడు. "ఓర్చుకుంటాలే. నాకేం అంత నొప్పి పుట్టలేదు."