మామిడిపళ్ల గదిలో ప్రార్థన

పాస్టరుగారికేం, సులువుగా చెప్పేశారు. "రోజూ కాసేపు గదిలోకెళ్లి, తలుపేసుకుని, ఒంటరిగా ప్రార్థన చేసుకోమ్మా" అన్నారు. ఆయన ఇంట్లో గదులకేం లోటు! ఎనభైల్లో నూజివీడు పక్కన మా అత్తారింట్లో తలుపున్న గది ఒక్కటే. వేసవంతా అందులో వరిగడ్డి పరిచి చిన్నరసాలు మగ్గబెట్టేవాళ్లు.

వంట ముగించుకుని నేను అందులోకెళ్లి, గడియ పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చోగానే అత్తగారు తలుపు బాదేవారు. "ఏంటే, ఇంకా అవలేదా? ఏం జుర్రుతున్నావే లోపల?" ఆమెన్ అనకుండానే లేచొచ్చేదాన్ని. వచ్చాక నా నోరు వాసన చూడటం ఒకటి! ఆ గదిలో ఊరికే కూర్చున్నా చీరకి పళ్ల వాసన పడుతుందంటే నమ్మేవారు కాదు.

కొన్నాళ్లకి ఆవిడకీ భక్తి పుట్టుకొచ్చింది. ఒక మధ్యాహ్నం భోంచేసి, "నేనూ ప్రార్థన చేసుకుంటా" అంటూ లోపలికెళ్లి గడియ పెట్టుకున్నారు. బయటికొచ్చేసరికి గడ్డమంతా రసం. మర్నాటి నుంచి మా ఆయనా మొదలుపెట్టాడు. ఆదివారం చర్చికి రమ్మంటే దుప్పటి ముసుగేసుకునే మనిషి!

పళ్లు అయిపోయాయి. వాళ్లిద్దరి భక్తీ అయిపోయింది. ఖాళీ గదిలోకి నేనొక్కదాన్నే వెళ్లి గడియ పెట్టుకున్నాను. ఎవరూ తలుపు కొట్టలేదు. స్తోత్రాల సంగతి తర్వాత చూద్దామని, ముందు వాళ్ల మీదున్న కోపమంతా కక్కేశాను. పెళ్లయ్యాక నేను మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా విన్నది ఆ దేవుడొక్కడే.