స్నో సీసాలో మడమల మందు

మా చిన్నప్పుడు... బాన్సువాడలో ముఖానికి రాసుకునే స్నో అయిపోయేది కానీ, స్నో సీసా అయిపోయేది కాదు. మందపాటి తెల్ల గాజు, తిప్పితే గట్టిగా బిగుసుకునే మూత... ఎవరు పారేస్తారు చెప్పండి? మా గూట్లో ఒకదాంట్లో సూదులు, ఇంకోదాంట్లో కుంకుమ. జనం సీసా చూసే కొంటారని కంపెనీవాళ్లకూ తెలిసినట్టుంది, ఏటేటా ఇంకాస్త అందంగా చేసి పంపేవారు.

అన్నిటికన్నా అందమైన సీసాలో మా అమ్మ మడమల మందు పెట్టేది. చలికాలంలో వెన్నను రాగి పళ్లెంలో వేసి, నీళ్లు మార్చి మార్చి కడిగేది. కడిగేకొద్దీ తెల్లగా, నురగలా అయ్యేది. నాట్లు వేసి వేసి పగిలిన కాళ్లకు అదే రాసుకునేది. చూడ్డానికి మాత్రం అచ్చం స్నోనే...

నాకు ఆ మందంటే నామోషీ. బళ్లో మాత్రం మా ఇంట్లో స్నో ఉందని కోతలు కోసేదాన్ని. వాటిని నమ్మింది కమిలి. నస్రుల్లాబాద్ తోవలో ఉన్న తండా నుంచి నడిచి వచ్చేది. ఏం గొంతో దానిది! జనవరి ఇరవయ్యారున జెండా దగ్గర పాడమని సారు దాన్నే ఎంచారు.

ఆ పొద్దున తిన్నగా మా ఇంటికి వచ్చింది.

"గా స్నో జరంత పెడ్తవా? గీ ఒక్కసారే..."

మడమల మందని చెప్పేస్తే పోయేది. పరువు పోతుందని చెప్పలేదు. "మా చిన్నాయన పట్నం నుంచి తెచ్చిండు" అని ఇంకో అబద్ధం కూడా ఆడాను. రెండు చెంపలకూ దట్టంగా రాసి, పైన పౌడరు అద్దాను. అద్దంలో చూసుకుని ఎంత మురిసిపోయిందో...

ఎండెక్కింది. పిల్లల కవాతుకు లేచిన దుమ్మంతా కమిలి ముఖానికే అంటుకుంది. పౌడరు ముద్దలు కట్టి మెడ మీదికి జారింది. పిల్లలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను... సారు దాన్ని ముఖం కడుక్కోమని పంపేసి, పాట వచ్చు కదా అని నన్ను నిలబెట్టారు. పాడాను. చప్పట్లూ కొట్టించుకున్నాను.

తర్వాత బోరింగు దగ్గరికి వెళ్తే, కమిలి ఇంకా ముఖం రుద్దుకుంటోంది. వెన్న కదా, ఒట్టి నీళ్లకు పోతుందా? తిడుతుందనుకున్నాను.

"నీ స్నో మంచిదేనే... మాలాంటోళ్ల మొఖానికే పడలే" అంది.

అప్పుడైనా చెప్పాలి కదా! "జల్ది రా, మిఠాయి పంచుతుండ్రు" అన్నాను. అంతే. సిగ్గులేనిదాన్ని...

పదో తరగతి దాకా కలిసే చదివాం. ఎవరు పౌడరు ఇచ్చినా "నాకు పడదు" అనేది. పక్కనే ఉండి వినేదాన్ని. ఆ తర్వాత అది ఎటు పోయిందో తెలియలేదు.

మొన్న మా అమ్మాయి ఖరీదైన క్రీము తెప్పించింది. గాజు సీసా పారేయొద్దట... అయిపోతే ప్యాకెట్‌లో వచ్చే క్రీమును మళ్లీ అందులోనే నింపుకోవాలట. "కొత్త పద్ధతి మమ్మీ!" అంది. ఆ మూత తిప్పగానే నాకు బోరింగు చప్పుడే వినిపించింది.

మీ ఇంటి ఖాళీ సీసాల్లో ఏముండేదో మీరూ రాయండి... అందరివీ చదువుతాను. ఎవరి రాతలోనైనా కమిలి కనిపిస్తుందేమోనని...

అది స్నో కాదే కమిలీ, మా అమ్మ కాళ్లకు రాసుకునే మందు. నీ మొఖానికి ఏ వంకా లేకుండె.