వేళ్ళ మీద గీతలు లేవట

నా పేరు రాజమ్మ, వయసు డెబ్బై ఒకటి. తొండియార్‌పేటలో మనవరాలు సుమతితో ఉంటున్నాను. నేను చెబుతుంటే తనే రాస్తోంది. వచ్చే నెల నుంచి ఏడాదిపాటు ఇద్దరం దేశాలు తిరగాలని మనిషికొక సంచీ సర్దుకున్నాం. నా మోకాళ్ళు ఇంకో ఏడాదికి మించి నడవవు.

ఈ రోజు పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్ళాం. నలభై ఏళ్ళుగా రొయ్యలు ఒలిచే చేతులు కదా, నీచు వాసన కొట్టకూడదని పొద్దున్నే చింతపండు, బూడిద పెట్టి గట్టిగా తోమాను. అక్కడి వేలిముద్రల యంత్రం నా పది వేళ్ళలో ఒక్కటీ పట్టలేదు.

"అవ్వా, గీతలన్నీ అరిగిపోయినాయి. రెండు వారాలు నీళ్ళల్లో చెయ్యి పెట్టకుండా, నూనె రాసుకోని రా," అంది ఆఫీసులో అమ్మాయి.

"అన్నాళ్ళూ రొయ్యలు నువ్వొచ్చి ఒలుస్తావా? నేను ఈడ నీ ఎదురుగానే కూచోనుంటే, రాజమ్మని కాదంటావేమ్మే?" అని అరిచాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

దేశాలు తిరగాలనుకునేవాళ్ళకు నా సలహా ఒకటే: సంచీ తర్వాత సర్దుకోండి, ముందు వేళ్ళు చూసుకోండి. గీతలు మళ్ళీ తెప్పించే దారి ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి.

కింద ఫోటోలో ఉన్నది నా వేలిముద్ర. సిరా పూసి నొక్కితే నున్నటి మచ్చే పడింది. అది నేనే.

సాక్షులు: మనవరాలు సుమతి, పక్కింటి మేరీ.