నేను గీసిన ఎర్ర దారి

పెనుకొండ దగ్గర ఒక పల్లెలో ఇద్దరు అన్నదమ్ముల మధ్య నేను చిన్నపాటి యుద్ధం తెచ్చిపెట్టాను. వాడిన ఆయుధాలు రెండు కేజీల ముగ్గు, ఒక ఎర్ర రంగు పొట్లం. చదివేవాళ్లు కాస్త గుండె చిక్కబట్టుకోండి. నా గుండె మాత్రం ఆ రోజు జారి మోకాళ్లలోకి వచ్చింది.

అప్పుడు నేను వ్యవసాయ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మాది ధర్మవరం, ఇంటి నిండా మగ్గాలు. పట్టుచీర అంచు చూసి నేసింది మా నాయనో కాదో చెప్పగలను గానీ, కంది మొక్కకూ కలుపు మొక్కకూ తేడా చెప్పమంటే కాసేపు ఆలోచించాలి. అలాంటివాణ్ణి కాలేజీవాళ్లు మూడు నెలలు పల్లెలో కాపురం పెట్టమన్నారు. రైతుల దగ్గర నేర్చుకోవాలి, ఊరి కుర్రకారుకు సేద్యం మీద ఇష్టం కలిగించాలి. కుర్రకారుకు నేనేం కలిగించానో తెలియదు గానీ, వాళ్లు నాకు వాలీబాల్ నేర్పారు.

నాకు బస లక్ష్మమ్మ అవ్వ ఇంటి ముందుగదిలో. అవ్వకు కుడివైపు ఇంట్లో పెద్దకొడుకు ఓబుళరెడ్డి, ఎడమవైపు ఇంట్లో చిన్నకొడుకు శివారెడ్డి. ఇద్దరికీ చెరొక మీసం ఉంది, మధ్యలో మాటలు మాత్రం లేవు. తమ్ముడి చేను అన్న చేను వెనక ఉంటుంది. నడుమ దారి ఇవ్వమని తమ్ముడు అడుగుతాడు, ఇచ్చేది లేదని అన్న అంటాడు. తమ్ముడు ట్రాక్టరు వేసుకుని వంక చుట్టూ తిరిగిపోతుంటాడు. ఇది ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. వ్యవసాయ పట్టా చేతికందబోతున్న నాకు తెలియదు.

చివరి వారంలో మాకు ఒక పరీక్ష ఉంటుంది. ఊరి పటాన్ని వీధిలో ముగ్గుతో, రంగులతో వేయించాలి. వేయించాలి అన్నాను, గమనించండి. ముగ్గు రైతుల చేతికిచ్చి, వాళ్లు గీస్తుంటే మనం నోరు మూసుకుని చూడాలి. మార్కులు వేసే మా కాలేజీ మేడమ్ ఈ మాట మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ తలూపాను.

ఆ రోజు మేడమ్ పదిన్నరకు వస్తానంది. ఎనిమిదయినా ఒక్క రైతూ రాలేదు, అందరూ చేలకు పోయారు. భయం వేసి నేనే మొదలుపెట్టాను. బడి, పాలకేంద్రం, నీళ్ల ట్యాంకు అన్నీ వేశాను. హిందూపురం నుంచి తెచ్చిన ఎర్ర రంగుతో దారులు గీశాను. ఓబుళరెడ్డి వేరుశనగ చేను మధ్యలోంచి అవతల గట్టు మీది గుండురాయి దాకా ఒక కాలిబాట ఉందని గుర్తొచ్చింది. బాగా నలిగిన బాట, రోజూ కళ్లారా చూసేదే. దాన్ని మిగతా వాటికంటే కాస్త లావుగానే గీశాను.

అప్పుడే శివారెడ్డి పాలక్యానుతో వచ్చాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"మీ ఊరి పటం అన్నా."

"ఈ ఎర్రది ఏంది?"

"దారి అన్నా. ఈ చేను నడిమధ్యలోంచి."

ఆయన క్యాను మెల్లగా కింద పెట్టాడు. "మా అన్న చేన్లో దారి ఉండాదని నువ్వు చెప్తాండావా, మీ కాలేజీ చెప్తాందా?"

నేను రొమ్ము విరిచాను. "కాలేజీయే అన్నా. ఈ పటం పైకి పోతుంది." పైకి అంటే మేడమ్ బీరువా పైకి. ఆ సంగతి చెప్పాల్సింది, చెప్పలేదు.

ఆయన ఫోన్ తీసి నాలుగు మూలల నుంచీ ఫోటోలు కొట్టి, ఊరి గ్రూపులో పెట్టాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇదే మాట పెనుకొండ కోర్టులో చెప్పల్ల. చెప్తావు కదా సామీ?"

కోర్టు ఎందుకని అడిగితే ఏళ్ల నాటి తగువంతా ఆయనే చెప్పాడు. నేను ఏమీ ఎరగనట్టు కాలి బొటనవేలితో ఆ గీతను చెరపబోయాను.

"ఏయ్! చెరిపితే ఊరుకోను. అది సాక్ష్యం." కుర్చీ తెచ్చుకుని గీత పక్కనే కాపలా కూర్చున్నాడు.

బ్యాగు సర్దుకుని ధర్మవరం బస్సెక్కుదామని లేచాను. లేచేసరికి వీధి మొదట్లో ఓబుళరెడ్డి కనిపించాడు. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో కట్టె. బస్సు సంగతి మరిచిపోయాను.

వచ్చి గీత చూశాడు. తమ్ముణ్ణి చూడలేదు, నన్ను చూశాడు. ఇక్కడే నాకు అసలు కష్టం మొదలైంది. వాళ్లకు మాటల్లేవు కదా, తిట్టుకోవాలన్నా నా ద్వారానే తిట్టుకోవాలి.

"చెప్పప్పా వానికి. నెల దినాల నుంచి నా చేను తొక్కతాండాడు. చారల బూటు గుర్తులు ఉండాయి. ఇంగొక్క అడుగు పడితే కాళ్లు ఇరగ్గొడతా."

నేను శివారెడ్డి వైపు తిరిగాను. "అన్నా, కాళ్లు విరగ్గొడతారట."

"ఎవురివి?"

"మీవే అనుకుంటా అన్నా."

"చెప్పు ఆయప్పకు. నేను తొక్కింటే గదా ఇరగ్గొట్టేకి! దారి ఉండాదని కాలేజీ ఒప్పుకునింది, ఆయప్ప ఎవురు కాదనేకి?"

నేను ఓబుళరెడ్డి వైపు తిరిగి "తొక్కలేదంటున్నారన్నా" అని సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. కట్టె నాకూ ఆయనకూ మధ్య జానెడు దూరంలో ఉంది. చుట్టూ జనం చేరారు. నాకు చెమటలు పట్టి, ఆ చెమట బడి మీద పడి బడి కొంచెం కరిగింది.

సరిగ్గా అప్పుడే మేడమ్ జీపు వచ్చింది. ఆమె పటం చుట్టూ ఒకసారి నడిచి, ఎర్ర గీత దగ్గర ఆగింది.

"బాగుంది. ఈ దారి గీసిన రైతు ఎవరు?"

తమ్ముడి పేరు చెబితే అన్న కట్టె. అన్న పేరు చెబితే అదే కట్టె ఇంకా గట్టిగా. నా పేరు చెబితే డిగ్రీ పోతుంది. నా కాళ్లూ నా పట్టా రెండూ ఒకేసారి నా కళ్ల ముందు ఊగాయి. నిజంగా ఏడుపొచ్చింది.

అవ్వ చేట పట్టుకుని గడప దిగింది. పటం వైపు చాలాసేపు చూసింది.

"ఈ ఎర్ర దారి యాడికి పోతాదప్పా?"

"గుండు దాకా అవ్వా."

"ఆ గుండు కాడ ఎవురికేం పని? ఆడ బాయి లేదు, చెట్టు లేదు."

"నా ఫోనుకు అక్కడే సిగ్నల్ వస్తుంది అవ్వా" అన్నాను. అనేశాక నా గొంతు నాకే వినపడింది.

"దినామూ సాయంత్రం ఫోను చెవిన పెట్టుకోని ఆ చేన్లో పడి పోయేది ఎవురప్పా? నా కొడుకులా?"

ఓబుళరెడ్డి వంగి నా కాళ్లు చూశాడు. కాలేజీవాళ్లు ఇచ్చిన రబ్బరు బూట్లు. ఒక కాలు ఎత్తమన్నాడు, ఎత్తాను. అడుగున చారలు ఎంత స్పష్టంగా ఉన్నాయో ఏం చెప్పను! ఊళ్లో లేని దారిని నేనే రోజూ నడిచి తయారుచేసి, నేనే కనిపెట్టి, నేనే పటంలో ఎక్కించాను.

ఓబుళరెడ్డి కట్టె దించాడు. "శివా, ఉత్త పుణ్యానికి నిన్ను అనుమానిస్తినిరా."

"ఒక్క మాట అడిగింటే చెప్పేవాణ్ణి కదన్నా."

అవ్వ చేట అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకుంది. ఆ ఒక్క నిమిషం నాకూ కళ్లు తడిశాయి. మరుక్షణం ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు.

"ఎవురితో మాట్లాడతాండావు అంత సేపు?"

"మా... మా అమ్మతో అన్నా."

"అమ్మతో మాట్లాడేటోడు అంత సిగ్గుపడతాడా?" అంది అవ్వ.

రొళ్ల దగ్గరి పల్లెలో పనిచేస్తున్న మా క్లాసు అమ్మాయి అని ఒప్పుకున్నాను. ఊరంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు, పుస్తకంలో ఏదో రాసుకుంది. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. నేను తొక్కిన మేర వేరుశనగ చెట్లు నేనే పీకాలని అన్నదమ్ములు తీర్పిచ్చి, గట్టు మీద పక్కపక్కన కూర్చుని మరీ పీకించారు. అన్న దారి శాశ్వతంగా ఇచ్చాడా అంటే లేదు. పంట తీశాక ఆ ఏడు తమ్ముడి ట్రాక్టరును మాత్రం అడ్డుకోలేదట.

ఆ రొళ్ల అమ్మాయి ఇప్పుడు నా భార్య. మొన్న ఎవరికో ఈ కథ గొప్పగా చెబుతుంటే పక్కనుంచి అంది: "ఆ గుండు మీంచి నీ మాట సగమే వినపడేది. నేను ఊరికే ఊఁ కొట్టేదాన్ని."

"పెళ్లి చేసుకుంటావా అని అడిగినప్పుడు?"

"అప్పుడూ అంతే."

అందుచేత, ఇంట్లో మగ్గం మీద చెయ్యి వేసి గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పటంలో ఏ దారి గీయాలన్నా ముందు నా బూట్ల అడుగు చూసుకుంటాను. సిగ్నల్ సరిగ్గా లేని చోటి నుంచి ఎవరినీ ఏమీ అడగను.